మేయర్ పేరుతో వచ్చే నగర విశేషాలు చదివి లాభం ఉందా?

మీరు అడిగింది ఇదీ: కరీంనగర్ నుంచి ఈమధ్యే హన్మకొండకు మారాం, మేయర్ పేరుతో నగర విశేషాలు వాట్సాప్‌లో వస్తున్నాయి, చూస్తే అన్నీ శంకుస్థాపనలు, శాలువాలు, ఫొటోలే. ఇవి చదవడం దండగా? మా గల్లీ సంగతి ఎవరిని అడగాలి?

దండగ కాదు, చదవండి. ఫొటోలు వదిలేసి, ప్రతి వార్త దగ్గర ఆగి ‘ఈ పని ఎవరి చేతిలో ఉంది?’ అని మిమ్మల్ని మీరు ఒక్క మాట అడగండి చాలు. నేను హంటర్ రోడ్డు వైపు ఒక లోతట్టు కాలనీలో ఉంటాను. కాలనీ కమిటీలో దరఖాస్తులు రాసే పని నా నెత్తిన పడింది కాబట్టి ఈ అలవాటు వచ్చింది.

ముందు మన ఊరి లెక్క చెప్తాను, కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడే తికమక పడతారు. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ కలిపి కార్పొరేషన్ ఒక్కటే, మేయర్ ఒక్కరే. జిల్లాలు మాత్రం రెండు. 2021లో వరంగల్ అర్బన్‌ను హనుమకొండ జిల్లాగా, రూరల్‌ను వరంగల్ జిల్లాగా మార్చారు. అంటే ఒకే నగరానికి ఇద్దరు కలెక్టర్లు. కాశిబుగ్గలో ఉండే మా చుట్టాలకు కలెక్టరేట్ పని పడితే ఒక దిక్కు, మీకు పడితే ఇంకో దిక్కు. చెత్త బండి రాలేదంటే మాత్రం ఇద్దరూ అదే కార్పొరేషన్‌ను అడగాలి.

మేయర్ ప్రకటనలో నగరం మొత్తం వార్తలు ఉంటాయి, అందులో తప్పేం లేదు. కానీ మామునూరు ఎయిర్‌పోర్టు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పని. కాజీపేట రైల్వే ఫ్యాక్టరీకి 2023 జూలైలో ప్రధాని శంకుస్థాపన చేశారు, అది రైల్వేది. వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట (ఖిలా) కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంటాయి. ఎంజీఎం ఆస్పత్రి వైద్య శాఖది. భద్రకాళి చెరువును 2024 చివర్లో ఖాళీ చేసి పూడిక తీయడం మొదలుపెట్టినప్పుడు ఊరంతా వెళ్ళి వింతగా చూసింది, అక్కడ పని నీటిపారుదల శాఖ, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ)ల చేతిలో ఉంది. వీటి గురించి మేయర్ మంచిమాట చెప్పగలరు, గట్టిగా అడగగలరు, ఆర్డర్ మాత్రం వెయ్యలేరు. మా కమిటీ పెద్దమనిషి ఒకాయన ట్రాన్స్‌ఫార్మర్ మార్పించడానికి కలెక్టరేట్‌లో సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్ళి, వరసలో కూర్చుని, చివరికి అది నక్కలగుట్టలోని కరెంటు ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితమని తెలుసుకుని వచ్చారు.

తాగునీళ్ళు, మోరీలు, చెత్త, వీధి దీపాలు, ఇంటి పన్ను, పార్కులు, ఇల్లు కట్టుకునే పర్మిషన్లు: ఇవి కార్పొరేషన్ సొంత పనులు. ప్రకటనలో వీటి గురించి ఏ ముక్క ఉన్నా శ్రద్ధగా చదవండి. అందులోనూ పని ఏ దశలో ఉందో చూడాలి. మంజూరైందంటే రేపే జేసీబీ వస్తుందని కాదు. దాని తర్వాత టెండరు, అగ్రిమెంటు ఉంటాయి, వాన ముంచుకొస్తే సిమెంటు పని ఆగుతుంది. మా వీధి మోరీ మంజూరైందని చదివి కొందరు గేటు ముందు ర్యాంపు పగలగొట్టించుకున్నారు కూడా. వాళ్ళ తొందర వాళ్ళది. పని మొదలైందని రాస్తేనే నేను బయటికి వెళ్ళి చూస్తాను.

మేయర్‌కు ఉన్న అధికారం గురించీ రెండు మాటలు. మేయర్‌ను మనం నేరుగా ఎన్నుకోం, కార్పొరేటర్లు ఎన్నుకుంటారు. 2021 ఏప్రిల్ 30న 66 డివిజన్లకు (అంటే వార్డులకు) పోలింగ్ జరిగి, మే నెలలో గుండు సుధారాణి మేయర్ అయ్యారు. బడ్జెట్ పాస్ చేసేది కౌన్సిల్, దాన్ని నడిపేది కమిషనర్. పాలకవర్గం గడువు అయిదేళ్లు. అది అయిపోయి ఎన్నికలు ఆలస్యమైతే స్పెషల్ ఆఫీసర్ పాలన వస్తుంది. 2010 తర్వాత ఇక్కడ 2016 దాకా ఎన్నికలే లేవు. ఆ రోజుల్లో మోరీ గురించి అడగడానికి కార్పొరేటర్ అనే మనిషే లేడు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన వార్త నాలాల, అంటే వాన నీళ్ళు పోయే పెద్ద కాలువల, పూడికతీత. ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది, ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మా వైపు ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చాయి. హంటర్ రోడ్డు దిక్కు బొందివాగు, హన్మకొండ దిక్కు నయీంనగర్ నాలా, ఈ రెండూ పొంగితే నగరం సగం ఆగిపోతుంది. వరంగల్ చెరువుల ఊరు. పై చెరువు మత్తడి దూకితే నీళ్ళు కింది చెరువులోకి పోవాలి. మధ్యలో నాలా ఇరుకైతే అవి ఇళ్ళ మీదికి వస్తాయి. ఫలానా నాలాలో పూడిక తీశామని ప్రకటనలో పేరు కనబడగానే మేం ఇద్దరు ముగ్గురం బండి వేసుకుని పోయి చూస్తాం. చూడాల్సింది నాలా లోపల కాదు, గట్టు మీద. తీసిన మట్టిని లారీల్లో ఎత్తుకుపోయారా, ఒడ్డునే కుప్ప పోశారా? ఒడ్డునే ఉంటే మొదటి పెద్ద వానకు అదంతా మళ్ళీ లోపలికే జారుతుంది. కల్వర్టు కింద కూడా వంగి చూడాలి, ప్లాస్టిక్ కవర్లు, పరుపులు, విరిగిన కుర్చీలు అక్కడే ఇరుక్కుంటాయి. (పరుపులు వేసేది మనవాళ్ళే, అది వేరే సంగతి.) ఫొటో తీసి, చోటు రాసి, కార్పొరేటర్‌కు, ఇంజనీరింగ్ సెక్షన్‌కు పంపిస్తాం. వాన పడక ముందు పంపిన ఫొటోకు జవాబు వస్తుంది. నీళ్ళు వచ్చాక అందరూ పంపుతారు, అప్పుడు ఎవరిదని చూస్తారు?

ఇంకొకటి, జూన్‌తో ఈ పని అయిపోయిందనుకోవద్దు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు దసరా కూడా అయిపోయింది, వానలు పోయాయనే అందరం అనుకున్నాం. అయినా కాలనీలు మునిగాయి. అందుకే సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్ట దగ్గర ఏర్పాట్ల వార్తలు చదివేటప్పుడే, రెండోసారి పూడిక తీస్తున్నారా అని కూడా అడగాలి.

పన్ను సంగతి చిన్నదే. ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉంటుంది. కొన్నేళ్ళు పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ కూడా ఇచ్చారు. మీరు కిరాయికి ఉన్నా, ఓనర్‌కు ఒక మాట చెవిన వెయ్యండి.

మీ గల్లీకి వస్తే, ముందు డివిజన్ నంబరు సరిగ్గా తెలుసుకోండి. 2021 ఎన్నికల ముందు 58 డివిజన్లను 66 చేశారు, అందుకని పాతవాళ్ళు చాలామంది ఇప్పటికీ పాత నంబరే చెప్తారు. చెత్త, మోరీ సంగతైతే శానిటేషన్ జవాన్‌ను అడగండి, పొద్దున్నే గల్లీలోనే దొరుకుతాడు. నీళ్ళ సంగతి మీకు కొంత తెలిసిందే. మీ కరీంనగర్ మానేరు డ్యాం నుంచి కాకతీయ కాలువలో వచ్చే నీళ్ళే ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల ద్వారా మా నల్లాల్లోకి వస్తాయి. పైపులైను మరమ్మతులకు సరఫరా ఆపుతున్నామని ప్రకటనలో కనబడితే ఆ ముందు రోజే డ్రమ్ములు నింపుకోండి. మీ వీధికి ఏ టైముకు వదులుతారన్నది మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు. వాల్వ్ తిప్పే లైన్‌మన్ నంబరు పక్కింటివాళ్ళ ఫోన్‌లో ఉంటుంది, వెళ్ళి తీసుకోండి.