ఒక్క సెమిస్టరే కదా అని వయొలిన్‌ను వదిలి వెళ్ళవద్దు

ప్రతి ఆగస్టులోనూ నేను నల్లకుంటలోని పుట్టింటికి వచ్చినప్పుడు, మా వీధి పిల్లల్లో ఎవరో ఒకరు పైచదువుల సందేహాలతో వస్తూ ఉంటారు. ఈసారి వచ్చిన అమ్మాయి ఇంజనీరింగు మూడో సంవత్సరం పూర్తిచేసి, అక్టోబరులో ఒక సెమిస్టరు చదువుకోవడానికి జర్మనీ వెళ్తోంది. రాంకోఠిలోని త్యాగరాజ సంగీత కళాశాలలో ఎనిమిదేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటోంది. "ఆంటీ, అక్కడ ఉండేదే నాలుగైదు నెలలు, ఈ వ్యాపకాలన్నీ పక్కన పెట్టి చదువు మీదే దృష్టి పెట్టమని నాన్నగారు అంటున్నారు. వయొలిన్ తీసుకెళ్ళమంటారా, వద్దంటారా?" అని అడిగింది. తీసుకెళ్ళమనే చెప్పాను. ఇదే సందేహం మరెందరికో ఉంటుంది కాబట్టి, ఆ మాట ఎందుకు చెప్పానో ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

అక్కడి శీతకాలపు సెమిస్టరు కాగితం మీద అక్టోబరు నుంచి మార్చి వరకు ఉన్నా, పాఠాలు సాధారణంగా అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి ఆరంభంలో ముగుస్తాయి. మధ్యలో క్రిస్మస్‌కు దాదాపు రెండు వారాల సెలవులు వస్తాయి. మన కళాశాలల్లోలాగా మిడ్ పరీక్షలు, హాజరు శాతం అనే ఒత్తిడి చాలా కోర్సుల్లో కనిపించదు. చివరి పరీక్ష ఒక్కటే మార్కులను నిర్ణయిస్తుంది. అందువల్ల రోజులో ఖాళీ సమయం బోలెడంత ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ ఖాళీని మీరు నింపకపోతే ఒంటరితనం వచ్చి నింపుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిపాక మనకూ వాళ్ళకూ మధ్య తేడా నాలుగున్నర గంటలవుతుంది కాబట్టి, మీరు వంట ముగించుకుని తీరిగ్గా ఫోన్ చేసే ఎనిమిదింటికి హైదరాబాదులో అర్ధరాత్రి దాటి ఉంటుంది. 2006లో జర్మనీలో నా మొదటి డిసెంబరు అలాగే గడిచింది. తరగతి, గది, పప్పు, నిద్ర. ఇవి తప్ప ఆ నెలలో నాకు గుర్తున్నది ఏదీ లేదు.

జనవరిలో పక్కగది అమ్మాయి నన్ను విశ్వవిద్యాలయపు టేబుల్ టెన్నిస్ హాలుకు తీసుకెళ్ళింది. బయట మంచులో నడిచిన బూట్లతోనే లోపలికి వెళ్ళబోతుంటే గుమ్మం దగ్గరే ఆపారు. నేల మీద మరకలు పడని అడుగున్న, హాలులో మాత్రమే తొడిగే బూట్లు విడిగా ఉండాలట. ఆ రోజు మేజోళ్ళతోనే ఆడాను. ఆట ముగిశాక ఒకావిడ తన సంచిలోంచి వేరే జత తీసి, వచ్చే మంగళవారం తెచ్చివ్వమని నా చేతిలో పెట్టింది. ఆ బూట్లు తిరిగి ఇవ్వాలన్న కారణంతోనే మళ్ళీ వెళ్ళాను, ఆ తర్వాత ఏ మంగళవారమూ మానలేదు. తరగతి గదిలో మూడు నెలల్లో రాని జర్మను మాటలు ఆ హాలులో స్కోరు లెక్కపెడుతూ, బంతులు ఏరుతూ వచ్చాయి.

అందుకే విద్యార్థులందరికీ నేను గట్టిగా చెప్పేది ఒకటే: స్థిరపడ్డాక చూద్దామని వాయిదా వేయకండి. హోఖ్‌షూల్‌స్పోర్ట్ అనే విశ్వవిద్యాలయ క్రీడా విభాగంలో యోగా నుంచి పడవ నడపడం వరకు చాలా తక్కువ రుసుముతో నేర్పుతారు, కానీ నమోదు సెమిస్టరు మొదట్లో ఒక నిర్ణీత రోజున తెరుచుకుంటుంది, పేరున్న కోర్సులు నిమిషాల్లో నిండిపోతాయి. ఆ తేదీని ఇక్కడ ఉండగానే చూసి పెట్టుకోండి. డబ్బు లేదని వెనకాడేవారికి, అక్కడి చాలా పార్కుల్లో సిమెంటు టేబుల్ టెన్నిస్ బల్లలు ఉంటాయి. రెండు బ్యాట్లు, ఒక బంతి చాలు.

ఇక వయొలిన్ సంగతి. మా అమ్మాయి అక్కడే పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకుంది కాబట్టి ఈ తేడాలు నాకు ఇంట్లోనే తెలిశాయి. మనం నేల మీద కూర్చుని స-ప-స-ప శ్రుతి చేసుకుంటాం. వాళ్ళు కుర్చీలో కూర్చునో నిలబడో, వేరే శ్రుతిలో, ఎదురుగా స్వరలిపి పెట్టుకుని వాయిస్తారు. కాబట్టి విద్యార్థి ఆర్కెస్ట్రాలో నేరుగా చోటు దొరకకపోతే నిరాశపడవద్దు. మీ హాస్టల్లో సంగీత సాధనకు విడిగా గది ఉందేమో ముందే అడగండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి కాబట్టి గదిలో సాధన చేస్తే ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలుగుతుంది. చలికాలంలో హీటర్ల వల్ల గది గాలి బాగా ఎండిపోయి, చెక్క కుంచించుకుని బిరడాలు జారిపోతాయి, ఒక్కోసారి పలక పగులుతుంది. పెట్టెలో పెట్టుకునే చిన్న తేమగొట్టం కొని, వయొలిన్‌ను హీటరుకు దూరంగా ఉంచండి. విమానంలో చేతి సామానుగా అనుమతిస్తారో లేదో టికెట్టు కొనే ముందే సంస్థను అడగండి.

మనవాళ్ళతో కలిసి గది తీసుకోవడం, ఆదివారం అందరూ కలిసి పులిహోర కలుపుకోవడం మంచి విషయాలే, వాటిని వదులుకోమని నేను అనను. నాకు బాధ కలిగించేది మరొకటి ఉంది. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయడానికి చట్టం అనుమతిస్తుంది కదా అని, నాలుగు నెలల కోసం వచ్చిన పిల్లలు కూడా మొదటి వారం నుంచే గిడ్డంగుల్లో రాత్రి పనికి చేరి, పగలంతా నిద్రపోయి, ఆ ఊరిని బస్సు కిటికీలోంచి తప్ప చూడకుండా తిరిగివస్తున్నారు. అప్పు తీర్చక తప్పనివారి సంగతి వేరు. మిగిలినవారి తల్లిదండ్రులను మాత్రం, వారంలో రెండు సాయంత్రాలు పిల్లలకు వదిలేయమని వేడుకుంటున్నాను.

ఆ అమ్మాయి వాళ్ళ నాన్నగారితో నిన్న నేనే మాట్లాడాను. వయొలిన్ పెట్టెకు కొత్త తాళం కొనడానికి ఇద్దరూ ఈ సాయంత్రం కోఠి వెళ్తున్నారట. హాలు బూట్లు కూడా ఒక జత తీసుకోమని చెప్పాను.