ముందు కొలతలు, ఆ తర్వాతే కొత్త మేస్త్రీ

ప్రశ్న: దూరపు చుట్టమని నమ్మి ఒక మేస్త్రీకి 1,100 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,650 రూపాయల చొప్పున సామానుతో సహా నోటిమాట మీద అప్పజెప్పాం. 11.60 లక్షలు తీసుకున్నాడు. ఫోన్‌పేలో 7.20 లక్షలు, మిగతాది నగదు. నోటుపుస్తకంలో 1.50 లక్షలకే సంతకం పెట్టాడు. స్లాబు పోసి, గోడలు సగంలో ఆపి 2024 నవంబరు 18న వెళ్లిపోయాడు. ఎప్పుడడిగినా వచ్చే నెల వస్తానంటాడు. నా బంగారం కుదువలో ఉంది, అద్దింట్లో ఉంటున్నాం. పాత బాండు పేపరు మీద అగ్రిమెంటు రాసుకుందామని మా బావగారు అంటున్నారు. వచ్చే వారం కొత్త మేస్త్రీ దిగుతున్నాడు. మా డబ్బంతా తిరిగి వస్తుందా?
- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: కొత్త మేస్త్రీని ఆపండి. పాతవాడు ఎంతవరకు కట్టి వెళ్లాడన్న దాని మీదే మీ కేసు నిలబడుతుంది. ఆ గోడల మీద కొత్త వరస ఒక్కటి లేచినా, ఎవరి పని ఎంతో తేల్చడం కష్టం.

సివిల్ ఇంజనీరును మాట్లాడుకుని, కొలతల తేదీ చెబుతూ వారం ముందే మేస్త్రీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. రసీదు దాచండి. అతను రాకపోయినా కొలతలు ఆపొద్దు. గోడల పొడవు, ఎత్తు, స్లాబు మందం రాయించండి. స్లాబు కారుతున్నా, కాంక్రీటులో గుల్లలున్నా రీబౌండ్ హామర్ పరీక్ష (పైన తట్టి కాంక్రీటు గట్టిదనం అంచనా వేసేది) చేయించండి. టేపు కనిపించేలా ఫొటోలు తీయండి. జరిగిన పని విలువ, మిగిలిన పనికి ఖర్చు, లోపాల మరమ్మతు ఖర్చు రిపోర్టులో వేర్వేరుగా ఉండాలి.

డబ్బంతా రాదు. మొత్తం ఒప్పందం 18.15 లక్షలు. మీరు ఇంకా ఇవ్వాల్సింది 6.55 లక్షలు. మిగిలిన పనికి 9.20 లక్షలవుతుందని రిపోర్టు వస్తే, మీ నష్టం 2.65 లక్షలు. దానికి మరమ్మతు ఖర్చు, పని ఆగినందుకు కట్టిన అద్దె కలిపి అడగవచ్చు.

నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది, కానీ రుజువు భారం మీదే. పద్దెనిమిది లక్షల పనికి ఒక్క కాగితం రాయించుకోకపోవడం పెద్ద పొరపాటు. సంతకం లేని 2.90 లక్షలకు, ఆ తేదీల్లో బ్యాంకు నుంచి డబ్బు తీసిన ఎంట్రీలు వెతకండి. ఇస్తుండగా చూసినవాళ్ల ప్రమాణపత్రాలు తీసుకోండి. వాట్సాప్ సంభాషణలున్న ఫోన్ మార్చొద్దు. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ సర్టిఫికెట్ జతచేయాలి.

బావగారి సలహా మాత్రం వినొద్దు. స్టాంపు పేపరు ఎప్పుడు, ఎవరి పేరున అమ్మారో వెండరు రిజిస్టరులో ఉంటుంది. వెనకటి తేదీ వేసి మేస్త్రీ సంతకం మీరే పెడితే అది ఫోర్జరీ. మోసం కోసం చేసిన ఫోర్జరీకి ఏడేళ్ల వరకు జైలు. నిజమైన కేసు పోయి, మీరే ముద్దాయిలవుతారు. సైటులో అతని సెంట్రింగ్ సామానుంటే అదీ అమ్ముకోవద్దు, జాబితా రాసి నోటీసులో చేర్చండి.

గడువు మాటకొస్తే, వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లే. పని ఆగిన రోజు నుంచి లెక్కిస్తే 2026 నవంబరు 18తో ముగుస్తుంది. సివిల్ దావాకు మూడేళ్లుంది. “వచ్చే నెల వస్తా” అన్న ఫోన్ మాటతో గడువు పెరగదు, మీరిచ్చే లీగల్ నోటీసుతోనూ పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ, దానికి తగిన కారణం చూపాలి. ఆ పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఇల్లు కట్టివ్వడం వినియోగదారుల చట్టంలో సేవ కిందికే వస్తుంది. కాబట్టి నల్లగొండ జిల్లా కమిషన్‌లో వేయండి. మీరు చెల్లించిన మొత్తాన్ని బట్టి ఫీజు 400 రూపాయలు. ఇంజనీరు రిపోర్టు చేతికొచ్చాక తీర్పు కోసం ఆగక్కర్లేదు, కొత్త మేస్త్రీని దించండి. ఈసారి రేటు, దశలవారీ చెల్లింపు, ముగించే తేదీ రాసి సంతకాలు చేయించండి. ప్రతి బిల్లూ దాచండి.