పిడుదులు కుక్క ఒంటి మీదే ఉండవమ్మా

అమ్మాయీ,

మీ కుక్క నల్లోడి చెవిలో పిడుదులున్నాయని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రాయగడలో కొత్త కాపురం, పైగా చంటిది నేల మీద పాకుతోంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

కనిపించిన నాలుగూ ఏరేసి పని అయిపోయిందనుకోకు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీద గుడ్లు పెట్టదు. రాలిపోయి గోడ బీటలోకో, తలుపు చట్రం వెనక్కో దూరి అక్కడ వేలల్లో పెడుతుంది. ఆ గుడ్లలోంచి వచ్చిన పిడుదు పిల్లలు కుక్కనెక్కి రక్తం తాగి, మళ్లీ దిగి సందుల్లోనే కుబుసం విడుస్తాయి. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. ఇవి పైకి పాకే రకం కూడా. నేల తుడిస్తే చాలదు, గోడ మీద, దూలాల సందుల్లో చూడు.

అందుకని కుక్కకు మందు, ఇంటికి మందు ఒకేసారి పడాలి. నల్లోడు పడుకునే గోనె సంచిని సలసల కాగే నీళ్లలో వేసి ఎండలో ఆరెయ్యి. అరుగు బీటలు అల్లుడు గారితో సిమెంటు పెట్టించు. మందు కొట్టాక ఆరేదాకా పిల్ల, కుక్క బయటే ఉండాలి. గుడ్లు తర్వాత పొదుగుతాయి కాబట్టి రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టాలి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

ఏ మందు, ఎంత అన్నది పశువుల డాక్టరునే అడుగు. బోర్డు మీద ఒడియాలో ప్రాణీ చికిత్సాలయ అని ఉంటుంది. గొడ్లకు వాడే మందును అంచనాగా కలిపి కుక్కకు పూయొద్దు. మీ పిల్లికైతే మరీ జాగ్రత్త, కుక్కల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది.

పీకేటప్పుడు కనుబొమలు తీసుకునే ప్లక్కర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా నిటారుగా లాగు. కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు. గోటితో నలపకు, స్పిరిట్‌లో వెయ్యి.

పర్లాకిమిడిలో మా పాత కుక్క నాలుగు రోజులు తిండి మానేస్తే ఎండదెబ్బ అనుకున్నాను. ముక్కు నుంచి రక్తం కారాక తీసుకెళ్లాను. పిడుదుల వల్ల వచ్చే జ్వరమట, అప్పటికే ఆలస్యమైంది. ముందే వెళ్లి ఉంటే మాత్రలతో నయమయ్యేదేమో. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. నల్లోడు నీరసపడినా, చిగుళ్లు పాలిపోయినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

చంటిదాని తల, చెవుల వెనక, చంకలు స్నానం చేయించేటప్పుడు రోజూ చూడు. పిడుదు కరిచాక జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పు.

ఈ రాత్రికే నల్లోడి కాలివేళ్ల సందులు, మెడ పట్టీ కింద, తోక మొదట్లో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ