ఇంటర్ఫెరాన్ రకాల్లో వైరస్‌ను ఆపేది ఏది, కణాల పెరుగుదలను ఆపేది ఏది? మందుగా వాడితే ప్లేట్‌లెట్లు ఎందుకు పడిపోతాయి?

అనంతపురంలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్న మీరు ఇంటర్ఫెరాన్ల (ఒంట్లోని కణాలు విడుదల చేసే సంకేత ప్రోటీన్ల) గురించి అడిగినవి రెండు. ఏ ఇంటర్ఫెరాన్ వైరస్‌ను ఆపుతుంది, ఏది కణ విభజనను ఆపుతుంది అన్నది ఒకటి. కర్నూలులో మీ అన్నగారికి హెపటైటిస్-బికి వారానికోసారి పెగ్ ఇంటర్ఫెరాన్ ఆల్ఫా-2ఎ (ఒంట్లో ఎక్కువ కాలం నిలిచేలా మార్చిన ఆల్ఫా) వేస్తున్నారు, ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయి, మందు వికటించిందా అన్నది రెండోది. రెండింటి మూలం ఒక్కటే. వైరస్‌ను ఆపే అణువే విభజననూ ఆపుతుంది. ఏ పని ఎంత జరగాలో తేల్చేవి మోతాదు, అది కణానికి ఎంతసేపు తగిలింది, ఆ కణం మీద ఏ రిసెప్టర్ (ఇంటర్ఫెరాన్‌ను పట్టుకునే ప్రోటీన్) ఉంది అనే మూడు సంగతులు.

ఆల్ఫా, బీటా మొదటి రకం. వీటి రిసెప్టర్ దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది. ఇవి వైరస్‌ను నేరుగా ముట్టుకోవు. రిసెప్టర్‌కు అతుక్కోగానే లోపల జాక్1, టైక్2 అనే ఎంజైమ్‌లు మేలుకుంటాయి. స్టాట్1, స్టాట్2, ఐఆర్ఎఫ్9 అనే ప్రోటీన్లు కలిసి కేంద్రకంలోకి వెళ్లి వందల జన్యువులను తెరుస్తాయి. వాటినుంచి పుట్టే ప్రోటీన్లలో పీకేఆర్ రెండుపోగుల ఆర్ఎన్ఏ (వైరస్ జాడ) కనిపిస్తే ప్రోటీన్ తయారీనే ఆపేస్తుంది. ఓఏఎస్ అనే ఎంజైమ్ చేసిన చిన్న గొలుసులు ఆర్ఎన్ఏజ్-ఎల్ అనే మరో ఎంజైమ్‌ను లేపితే అది ఆర్ఎన్ఏను ముక్కలు చేస్తుంది. ఎంఎక్స్ఏ ఫ్లూ వైరస్‌కు అడ్డం పడుతుంది.

దీనికి చాలా తక్కువ ఇంటర్ఫెరాన్ సరిపోతుంది. కొన్ని రిసెప్టర్లు కొన్ని గంటలు పనిచేసినా కణం వైరస్‌కు సిద్ధమైపోతుంది. విభజన ఆగాలంటే అలా కుదరదు. ఎక్కువ రిసెప్టర్లు రోజుల తరబడి పట్టుబడి ఉండాలి. అప్పుడు విభజనకు కళ్లెం వేసే పీ21 పెరిగి, విభజనను నడిపే మిక్ తగ్గి, కణం జీ1 దశలో (డీఎన్ఏ నకలు మొదలవకముందే) నిలిచిపోతుంది. కొన్ని కణాలైతే చనిపోతాయి కూడా. రిసెప్టర్‌ను ఆల్ఫా-2 కన్నా బీటా చాలా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే వైరస్ పరీక్షలో రెండూ ఇంచుమించు సమానంగా కనిపించినా, విభజన పరీక్షలో బీటా ఎన్నో రెట్లు ముందుంటుంది. పుస్తకాల్లో ఈ తేడాకు ఒక్క వాక్యం మించి చోటు దొరకదు. నా మటుకు అసలు కీలకం ఇదే.

గామా వేరు. దాన్ని రోగనిరోధక కణాలైన టి-కణాలు, ఎన్‌కే కణాలు చేస్తాయి, దాని రిసెప్టర్ కూడా వేరే. నేరుగా వైరస్‌ను ఆపే బలం తక్కువ, మాక్రోఫేజ్‌లను (క్రిములను మింగే కణాలను) రెచ్చగొట్టడం దాని ముఖ్యమైన పని. క్షయలో దాని అవసరం అక్కడే. లాంబ్డా మూడో రకం. లోపలి దారి ఆల్ఫాదే అయినా, రిసెప్టర్ ప్రధానంగా ఊపిరితిత్తులు, పేగు, కాలేయం లాంటి చోట్ల ఎపితీలియల్ (పైపొర) కణాల మీదే ఉంటుంది. రక్తకణాలు పుట్టే ఎముక మజ్జ కణాల మీద దాదాపు లేదు. అందుకే హెపటైటిస్-సి రోగులకు పెగ్ లాంబ్డా ఇచ్చి చూసినప్పుడు రక్తకణాలు ఆల్ఫాతో పడిపోయినంతగా పడిపోలేదు.

ఇక మీ అన్నగారి సంగతి. ప్లేట్‌లెట్లు తగ్గడం మందు వికటించడం కాదు. వారానికి 180 మైక్రోగ్రాముల చొప్పున 48 వారాలు ఒంట్లో మందు ఎప్పుడూ నిలిచి ఉంటుంది కాబట్టి మజ్జలో విభజన మందగిస్తుంది. పాలిసైథీమియా వెరా (మజ్జ రక్తకణాలను అతిగా చేసే జబ్బు) రోగులకు ఆల్ఫా ఇచ్చేది సరిగ్గా ఈ పనికోసమే. చూడాల్సింది లెక్క. ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తగ్గితే సాధారణంగా మోతాదు 90కి దించుతారు, 25,000 కన్నా తగ్గితే ఆపేస్తారు. న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) 750 కన్నా తగ్గితే 135కి దించుతారు, 500 దిగువకు పోతే ఆపి, 1,000 దాటాక మళ్లీ మొదలుపెడతారు. ఈ నిర్ణయం డాక్టరుగారిదే, మీరు సొంతంగా వారం ఎగ్గొట్టించొద్దు. ఏఎల్‌టీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) మధ్యలో పెరగొచ్చు. దాంతోపాటు కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. థైరాయిడ్ పరీక్ష మరవకండి. నిద్ర పట్టకపోయినా, దిగులుగా ఉన్నా, చిరాకు ఎక్కువైనా ఇంట్లోవాళ్లే ముందు గమనించి డాక్టరుకు చెప్పాలి. రోగి తనంతట తాను చెప్పడు.

సూది మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండల్లో కర్నూలు నుంచి ఆదోని బస్సులో తెచ్చేటప్పుడు జనం వేడికే భయపడతారు, కానీ ఐస్‌కు నేరుగా ఆనించినా మందు పాడవుతుంది. గడ్డకట్టితే ప్రోటీన్ ముద్దకట్టి బలం పోతుంది. ఐస్‌ప్యాక్‌కూ మందు పెట్టెకూ మధ్య మందమైన గుడ్డ మడిచి పెట్టండి. గడ్డకట్టినదాన్ని కరిగించి వాడకండి. మందును కుదపకండి. పొట్ట మీద, తొడ మీద చోటు మారుస్తూ రాత్రి పడుకోబోయే ముందు వేసుకుంటే జ్వరం, ఒళ్లునొప్పులు నిద్రలో కొంత గడిచిపోతాయి. పారాసిటమాల్ ఎంత వేసుకోవాలో డాక్టరును అడగండి, కాలేయం జబ్బు కదా.

ల్యాబ్‌లో ఈ రెండు ప్రభావాలూ మీరే చూడొచ్చు. వైరస్ పరీక్షకు 96 గుంతల ప్లేటులో ఏ549 (మనిషి ఊపిరితిత్తి క్యాన్సర్) కణాలు వేసి, ఇంటర్ఫెరాన్‌ను సగానికి సగం పలుచన చేస్తూ కలిపి, 18 నుంచి 24 గంటలు ఆగి, ఆ తరువాతే ఈఎంసీ (ఎన్సెఫలోమయోకార్డైటిస్) వైరస్ వేయండి. వైరస్ ముందు పడితే లెక్క తప్పుతుంది. ఇంటర్ఫెరాన్ లేకుండా వైరస్ మాత్రమే వేసిన అదుపు (కంట్రోల్) గుంతల్లో కణాలన్నీ చచ్చాక క్రిస్టల్ వయొలెట్‌తో రంగు వేయండి. పలుచన చేసే ద్రవంలో సీరం లేకపోతే ఇంటర్ఫెరాన్ ప్లాస్టిక్‌కు అంటుకుపోయి చివరి గుంతల్లో ఏమీ మిగలదు. ప్రతి ప్లేటులోనూ ప్రామాణిక ఇంటర్ఫెరాన్ ఉంటేనే అంతర్జాతీయ యూనిట్లలో చెప్పగలరు.

విభజన పరీక్షకు డౌడీ కణాలు (మనిషి లింఫోమా క్యాన్సర్ కణాలు) మంచివి, ఆల్ఫాకు బాగా లొంగుతాయి. మి.లీ.కు లక్షలోపే వేసి 3, 4 రోజులు ఉంచండి. కిక్కిరిసిన కణాలు ఎలాగూ విభజించవు కాబట్టి తేడా కనిపించదు. వీరో (కోతి కిడ్నీ) కణాలతో ఇంటర్ఫెరాన్ తయారు చేయించాలని చూడకండి. వాటిలో మొదటి రకం ఇంటర్ఫెరాన్ జన్యువులు పోయాయి, బయటినుంచి ఇస్తే మాత్రం స్పందిస్తాయి.

మన జిల్లాల గొర్రెల్లో వచ్చే నీలి నాలుక వ్యాధి మీద ప్రాజెక్టు పెట్టుకున్నా బాగుంటుంది. ఆ వైరస్‌లో 10 ముక్కల రెండుపోగుల ఆర్ఎన్ఏ ఉంటుంది, ఇంటర్ఫెరాన్‌ను గట్టిగా పుట్టిస్తుంది. గామా కొలవాలంటే మనుషుల కిట్ కొనకండి, ఆవు గామాకు చేసిన యాంటీబాడీలు గొర్రెదాన్నీ పట్టుకుంటాయి. నమూనాలో ఉన్నది ఆల్ఫానా గామానా తేలకపోతే పీహెచ్ 2 దగ్గర ఒక రోజు ఉంచి, తిరిగి 7కు తెచ్చి మళ్లీ పరీక్షించండి. ఆల్ఫా చాలావరకు నిలుస్తుంది, గామా పోతుంది.