ప్రార్థన చేసినా దిగులు పోవట్లేదు అన్న అక్కకి

వందనాలు అక్కా. బాబు ఫీజు గురించి రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టట్లేదు, ప్రార్థన చేసి లేచాక మళ్ళీ అదే దిగులు, నాకు విశ్వాసం లేదేమో అన్నారు కదా. అలా అనుకోకండి, బైబిల్లో ఫిలిప్పీ 4:6లో దేనికీ చింతపడొద్దు అన్న అపొస్తలుడైన పౌలే 2 కొరింథీ 11:28లో సంఘాలన్నిటి గురించిన చింత రోజూ తన మీద ఉందంటాడు, పైగా ఫిలిప్పీ పత్రిక (ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం) రాసింది బంధకాల్లో, అంటే ఖైదీగా ఉండి, ఏసీ రూమ్‌లో కూర్చుని కాదు.

మాది గుంటూరు పక్కన పల్లె, మిర్చి వేస్తాం. ఒక ఏడు యార్డులో రేటు పడిపోయి అప్పు మిగిలింది, నేనూ మీలాగే అయిపోయా. అప్పుడు ఆ ఫిలిప్పీ 4లోనే 7వ వచనంలో కావలి అన్న మాట దగ్గర ఆగిపోయా. కల్లంలో కాయలు ఆరబోసినప్పుడు రాత్రిళ్ళు కావలి పడుకుంటాం కదా, దొంగలు లేరని కాదు, మనవాడొకడు అక్కడున్నాడని ఇంట్లోవాళ్ళు నిద్రపోతారు. ఆ వచనంలో అప్పు తీరిపోద్దని లేదక్కా, దేవుని సమాధానం, అంటే ఆయనిచ్చే శాంతి, మన గుండెకి, తలంపులకి కావలి ఉంటదని ఉంది.

నేనైతే కష్టాలు తీర్చు ప్రభువా అని గుండుగుత్తగా కాకుండా ఎంత కట్టాలి, ఎప్పటికి కట్టాలి అని లెక్కతో సహా చెప్పేస్తా, ఆరోజు జరిగిన మంచి ఒక్కటైనా తల్చుకుని థాంక్స్ చెప్తా (కృతజ్ఞత కూడా ఆ 6వ వచనంలోనే ఉంది, మనం అది ఎగ్గొడతాం). మళ్ళీ దిగులొస్తే మళ్ళీ చెప్తా.

ప్రార్థన చేశాం కదా అని ఊరుకోకుండా కాలేజీకెళ్ళి విడతల్లో కడతామని అడగండి. నిద్ర ఇంకా పట్టకపోతే మీ విజయవాడలోనే డాక్టర్‌కి చూపించుకోండి, అది అవిశ్వాసమేం కాదు. బాబుది ఫస్టియరా, సెకండియరా?