కథల్లో "కోపంగా అన్నాడు", "ఆశ్చర్యంగా అడిగింది" అని రాయొచ్చా?

"అన్నాడు, అంది తప్ప వేరేవి వాడొద్దు, వాటి పక్కన కోపంగా, బాధగా లాంటివి అస్సలు పెట్టొద్దు అంటారు కదా, తెలుగు కథకి కూడా అదే రూలా" అని ఒకరు అడిగారు. అమెరికన్ రచయిత ఎల్మోర్ లెనర్డ్ 2001లో న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన పది సూత్రాల్లో ఈ రెండూ ఉన్నాయి. నేను కథలు రాస్తాను, ఒక వెబ్ పత్రికకి వచ్చే కథలు కూడా చదివి పెడుతుంటాను. నన్నడిగితే ఆ రూల్ మనకి ఇంకా బాగా పనికొస్తుంది, కాకపోతే కారణం మన భాషలోనే ఉంది. మన దగ్గర కోపం, చనువు, ఎత్తిపొడుపు చాలావరకు మాట చివర్లోనే తెలిసిపోతాయి. వస్తావా, వస్తావుగా, వస్తావులే, రావేంటి, ఈ నాలుగూ ఒక్కలా వినపడవు కదా. పైగా ఏరా, ఏమే, అండీ, వదినా అని ఒక్క పిలుపు పడితే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో కూడా తేలిపోతుంది.

నా దగ్గరికొచ్చే కథల్లో ఎక్కువగా ఇలా ఉంటుంది:

"అన్నయ్యా, పొలం అమ్మేస్తున్నారా?" అని ఆశ్చర్యంగా అడిగింది లక్ష్మి.
"అవును, అమ్మేస్తున్నాం" అని చిరాగ్గా సమాధానమిచ్చాడు రాజు.

ఇదే ఇలా రాసి చూడండి:

"పొలం అమ్మేస్తున్నారట కదా అన్నయ్యా."
"అమ్మకపోతే నువ్వొచ్చి దున్నుతావా?"

ఆ "ట" ఒక్కటి చాలు, ఆ పిల్లకి ఇంట్లోవాళ్ళు చెప్పలేదు, బయట ఎవరో చెప్తే తెలిసింది, ఆ బాధంతా అందులోనే ఉంది, ఇక "బాధగా" ఎందుకు చెప్పండి. రాజు చిరాకు కూడా అంతే.

అలాగని "గా" మాటలన్నీ కొట్టేయమని కాదు. మాట ఒకటి, గొంతు ఇంకొకటి అయినప్పుడు అవి కావాలి. "చాలా సంతోషం" అంది ముక్తసరిగా. ఇక్కడ ఆ ముక్తసరిగా తీసేస్తే అర్థమే తిరగబడుతుంది, అది ఉండాల్సిందే.

గొణిగాడు, కసిరింది, నసిగాడు, గద్దించాడు, ఇవి నాకు చాలా ఇష్టం, ఒక్క మాటలో గొంతు వినిపిస్తాయి, అందుకే పేజీకి ఒకటో రెండో చాలు. మెల్లగా గొణిగాడు, గట్టిగా అరిచాడు మాత్రం వద్దు, గొణగడం ఎలాగూ మెల్లగానే కదా. తెలిపాడు, పేర్కొన్నాడు, వెల్లడించాడు అనేవి పేపర్ వార్తల్లోవి, ఇద్దరు ఫ్రెండ్స్ టీ తాగుతూ మాట్లాడుకునే చోట అవి పడితే చదివేవాడికి అక్కడే కథ తెగిపోతుంది.

ఇంకోటి, మనకి "అన్నాడు" మాట అయిపోయాక వస్తుంది కాబట్టి డైలాగ్ ఐదారు లైన్లు ఉంటే ఎవరంటున్నారో చివరిదాకా తెలీదు, అప్పుడు మొదటి ముక్క దగ్గరే ఆపి "చూడమ్మా," అంది అత్త, అని పెట్టి మిగతాది కొనసాగించండి. "అంటూ చెంబు కింద పెట్టింది" లాంటిది కూడా బాగుంటుంది, కానీ ప్రతి డైలాగ్‌కీ అంటూ, అంటూ అని వస్తే విసుగొస్తుంది.

చివరగా, "నాన్న అన్నాడు" అని రాస్తారా "నాన్నగారు అన్నారు" అని రాస్తారా అన్నది కథ మొదలుపెట్టేముందే తేల్చుకోండి. కథ చెప్పే మనిషికి ఆయనతో ఎంత చనువో అక్కడే తెలిసిపోతుంది, మధ్యలో మారితే ఏదో గొడవ జరిగిందనుకుంటారు చదివేవాళ్ళు.