మూడు వారాల్లో టోర్నమెంట్‌కు సిద్ధం చేయడం గురించి

ఆరు నెలలుగా మైదానానికి దూరమైన పన్నెండేళ్ల పిల్లలను మూడు వారాల్లో టోర్నమెంట్‌కు సిద్ధం చేయవచ్చా అని మీరు అడిగారు. తల్లిదండ్రుల ఒత్తిడి అర్థం చేసుకోదగినదే అయినా, ఆ పోటీని వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇంత విరామం తరువాత ఊపిరి త్వరగానే కుదురుకుంటుంది గానీ, కండరాలను ఎముకలకు కలిపే స్నాయుబంధనాలు అంత వేగంగా బలపడవు కనుక, పిల్లలు హుషారుగా కనిపిస్తున్న దశలోనే గాయాలు ఎక్కువగా అవుతాయి. మొదటి వారం మునుపటి సాధనలో 50 శాతానికి మించకుండా చేయించి, తరువాతి వారాల్లో వరుసగా 70, 80, 90 శాతానికి పెంచండి. ఎండ తీవ్రంగా ఉంటే శరీరం దానికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

మీ జట్టులో కోవిడ్ నుంచి కోలుకున్న బాలుడి విషయం వేరు. ఆ వ్యాధి అరుదుగానైనా గుండె కండరానికి వాపు కలిగిస్తుంది కాబట్టి, వైద్యుడు పరీక్షించి అనుమతించే వరకు అతన్ని పరుగెత్తించకండి. ఆ తరువాత కూడా ఛాతీ నొప్పి, గుండె దడ, అసాధారణమైన ఆయాసం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే వెంటనే ఆట ఆపించి, తిరిగి వైద్యునికి చూపించాలి. బాగున్నానని అతను చెప్పే మాటను మాత్రం నమ్మవద్దు. ఆడాలనుకునే పిల్లలందరూ అదే చెబుతారు.

కోవిడ్ ఒకరి నుంచి ఒకరికి వ్యాపించకుండా, సాధనను ఆరుబయట, చిన్న జట్లుగా విడదీసి నిర్వహించండి. నీళ్ల సీసా ఎవరిది వారికే ఉండాలి.